వేరు సంపాదన, ఆకు ఖర్చు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం కృషి సఖి చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు, రికవరీ లెక్కలు విన్నారు. నేను చెప్పేది కూడా ఒక లెక్కే. కాకపోతే ఇది చెట్టు లెక్క. ఎండాకాలంలో వేరు దెబ్బతిన్న చిన్న పండ్ల చెట్టును ఎట్ల బతికించుకోవాలి అనేది. మనలో చాలామంది మామిడి, చీనీ, సపోటా, జామ పెట్టుకున్నాము. గుంతలు మనమే తవ్వినాము, మొక్కలు మనమే నాటినాము. ఉపాధి హామీ పని 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పలుగూ పారా మన చేతుల్లో ఉండబట్టే ఈ పొద్దు మెట్ట చేలల్లో తోటలు కనబడుతున్నాయి. నాటేది మనకు వచ్చు. నాటినదాన్ని మే నెల దాటించేది ఇంకా నేర్చుకోవాలి. మన జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఎక్కువ భాగం జూన్ తరవాతే. మార్చి నుంచి మే దాకా చెట్టుకు మనమే దిక్కు.

నేను గొప్పగా చేసిన పని చెప్పడానికి రాలేదు. ముందు నా తప్పు చెప్తాను.

నా మాట విని పోయిన చెట్లు

మా సంఘంలో ఒక అక్క ఉంది. ఇంటాయన లేడు. రెండెకరాల చేను. సంఘంలో 60 వేలు అప్పు తీసుకొని, 25 అడుగుల దూరంలో ఎకరాకు 70 లెక్కన 140 బేనిషా మామిడి మొక్కలు పెట్టింది. పది సాళ్లు, సాలుకు 14 చెట్లు. ఏడాదిన్నర మొక్కలు, నడుము ఎత్తు దాటినాయి. మొక్కల నడుమ వేరుశనగ వేసుకొని కంతులు కట్టుకుంటా ఉండేది. ఒక్క కంతు కూడా తప్పలేదు.

మార్చి ఆఖరులో బోరు నుంచి పైపు వేయడానికి జేసీబీతో కాలువ తీయించింది. రెండు సాళ్ల నడుమ తీయమంటే, మలుపు తిప్పుకునేదానికి బాగుంటుందని ఒకపక్క సాలుకు ఆనించి తీసినారు, తిరిగి వచ్చేటప్పుడు ఇంకో సాలుకు ఆనించి వచ్చినారు. రెండు సాళ్లలో 28 చెట్లకు ఒకవైపు వేర్లు తెగిపోయినాయి. కాలువ మూడు రోజులు తెరిచే ఉంది. తెగిన వేర్లు ఎండకు ఎండినాయి. ఆ తరవాత పూడ్చినారు.

ఏప్రిల్ మొదట్లో ఆకులు వాలినాయి. అక్క నన్ను పిలిపించింది. నేను పోయి చూసి ఒక్క మాట అన్నాను: "ఎండ ఎక్కువైంది అక్కా, నీళ్లు పెంచు." రోజు విడిచి రోజు పెట్టేది కాస్తా రోజుకు రెండు పూటలు పెట్టింది. బిడ్డల్ని కూడా పిలిచి బిందెలతో మోయించింది. పది రోజుల్లో చేను దిగువ కొసలో, నీళ్లు నిలిచే చోట ఉన్న ఏడు చెట్లు చచ్చిపోయినాయి. ఎండినట్టు కాదు, ఆకు పసుపు తిరిగి, కింద కాండం మెత్తబడి.

మా ఊర్లో ఒక అవ్వ ఉంది, ముప్పై ఏండ్లు చీనీ తోటల్లో కూలి చేసిన మనిషి. ఆమె వచ్చి చచ్చిన చెట్టును ఒకదాన్ని పీకింది. వేరు నల్లగా ఉంది. చేత్తో లాగితే తోలు ఊడి వచ్చింది. వాసన చూసి నాకు కూడా చూపించింది. కుళ్లిన వాసన. "ఇది దప్పికతో సచ్చిన చెట్టు కాదమ్మే, మునిగి సచ్చింది" అనింది.

ఆ మాట నాకు ఇప్పటికీ మర్చిపోయేదానికి కాదు. వేరుకు నీళ్లు కావాల, గాలి కూడా కావాల. మట్టి సందుల్లో నీళ్లే నిండిపోతే గాలికి చోటుండదు. దెబ్బ తగిలిన వేరు అసలే తాగలేదు. తాగలేనిదానికి నేను ఇంకా ఇంకా పోయమన్నాను.

చెట్టు ఇంటి లెక్క

మనం సంఘంలో అమ్మాయిలకు మొదట నేర్పేది ఏమిటి? ఆదాయం ఎంత, ఖర్చు ఎంత అని రాసుకోమంటాము. చెట్టుకు కూడా అంతే. వేరు సంపాదించే మనిషి. నీళ్లు తెచ్చేది అదే. ఆకు ఖర్చు పెట్టే మనిషి. ఎండకు, గాలికి ఆకు నుంచి నీళ్లు ఆవిరై పోతా ఉంటాయి. ఎండ ముదిరే కొద్దీ ఖర్చు పెరుగుతుంది.

ఇంట్లో సంపాదించే మనిషికి కాలు విరిగిందనుకోండి. మనమేం చేస్తాము? పని చేయి చేయి అని తరుముతామా? ఖర్చు తగ్గించుకుంటాము. పండగ బట్టలు మానుకుంటాము. ఆ మనిషికి మాత్రం తిండి తగ్గించము. కాలు అతుక్కునే దాకా ఓర్చుకుంటాము. వేరు తెగిన చెట్టుకు చేయాల్సింది సరిగ్గా ఇదే. కొత్త వేరు వచ్చే దాకా ఆకు ఖర్చు తగ్గించాల. మిగతా పనులన్నీ దీంట్లో నుంచే వస్తాయి.

ఇంకొక మాట. నీళ్లు తాగేది లావు వేర్లు కాదు. వాటి చివర ఉండే సన్న వేర్లు, వెంట్రుకల మాదిరి ఉండేవి. లావు వేర్లు బాగానే కనబడుతున్నాయి కదా అని మోసపోవద్దు. మొక్కను కవర్లో నుంచి తీసేటప్పుడు మట్టిగడ్డ పగిలితే తెగేది ఆ సన్న వేర్లే. రోటవేటర్ చెట్టు మొదలు దగ్గరికి పోతే తెగేది అవే. చెదలు, వేరుపురుగు తినేది కూడా ముందు వాటినే.

ముందు మూడు పరీక్షలు

ఆకు వాలిన వెంటనే నీళ్ల పైపు పట్టుకోకుండా ముందు ఈ మూడు చూడండి. పైసా ఖర్చు లేదు.

మొదటిది తెల్లవారి చూడడం. మిట్టమధ్యాహ్నం ఏ చెట్టైనా కొంచెం వాలుతుంది. పొద్దు గూకినాక తేరుకుంటే అది ఎండ దెబ్బ మాత్రమే. తెల్లవారి చల్లటి పూట కూడా ఆకు వాలే ఉంటే వేరు దగ్గర ఏదో ఉంది అని అర్థం.

రెండోది మట్టి చూడడం. కొమ్మల నీడ అంచు దగ్గర చిన్న కట్టెతో జానెడు లోతు నుంచి మట్టి తీసి పిడికిట్లో పిసకండి. ముద్ద కట్టి నిలబడితే తడి ఉన్నట్టే, ఆ పొద్దు నీళ్లు వద్దు. పొడిపొడిగా రాలిపోతే పెట్టాల. పైన మట్టి ఎండి ఉందని చూసి లోపల కూడా ఎండింది అనుకోవద్దు. నేను చేసిన తప్పు అదే.

మూడోది గోరు పరీక్ష. ఆకులన్నీ రాలిపోయిన చెట్టును చచ్చిందని పీకేస్తాము. పీకవద్దు. కొమ్మ మీద తోలు గోటితో కొద్దిగా గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో ఎండి ఉంటే ఇంకా కిందికి వచ్చి గీకండి. అంటు కట్టిన చోటుకు పైన ఎక్కడ పచ్చదనం కనబడినా వానల దాకా ఆగాల. అంటు కింద నుంచి చిగురు వస్తే మాత్రం సంబరపడవద్దు. అది నాటు మామిడి చిగురు, బేనిషా కాదు. పైన ప్రాణం ఉన్నంత వరకు ఆ కింది చిగురును ఎప్పటికప్పుడు గిల్లేయాల, లేకుంటే పైకి పోవాల్సిన బలం అదే లాక్కుంటుంది.

మా అక్క చేనులో మిగిలిన 21 చెట్లకు గోరు పరీక్ష చేసినాము. ఆమె అప్పటికే విసిగిపోయి ఉంది. రెండు సాళ్లూ పీకేసి, మిగతా చెట్లు కూడా అమ్ముడుపోవని, చేను కౌలుకు ఇచ్చి అప్పు తీరుస్తానని అనింది. గీకితే 21 చెట్లూ పచ్చగానే ఉన్నాయి. "వానలు పడే దాకా ఆగు అక్కా, నేనూ నీతో పాటు వస్తాను" అన్నాను. తప్పు చేసినదాన్ని నేను, నేను పోకుంటే ఎట్ల?

ఖర్చు తగ్గించే పనులు

నీడతో మొదలుపెట్టినాము. చెట్టుకు పడమర, దక్షిణం వైపు ఎండ ఎక్కువ కొడుతుంది, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. ఆ రెండు వైపులా కట్టెలు పాతి పాత నూలు చీరలు కట్టినాము. లేత రంగు చీరలైతే మేలు. కొబ్బరి మట్టలు, కంది కట్టె తడికెలు ఉన్నవాళ్లు అవి పెట్టుకోవచ్చు. కట్టెలు చెట్టుకు దూరంగా పాతాల, దగ్గర పాతితే ఉన్న వేరు కూడా తెగుతుంది. చీర ఆకులకు తగలకూడదు. చుట్టూ మూసేయకూడదు, గాలి ఆడాల. 21 చెట్లకు చీరలు ఎక్కడివి అంటారా? మా సంఘంలో పదిమందిమి తలా రెండు తెచ్చినాము, అవ్వ ఒకటి ఇచ్చింది. చీర కట్టిన చెట్లను చూసి దారిన పోయేవాళ్లు నవ్వినారు. నవ్వనీ.

తరవాత మొదట్లో కప్పడం. వేరుశనగ పొట్టు, ఎండు గడ్డి, వేప, కానుగ ఆకులు ఏవి దొరికితే అవి నాలుగు వేళ్ల మందం పరిచినాము. కాండం చుట్టూ మాత్రం జానెడు ఖాళీ వదలాల. కాండానికి ఆనించి పోస్తే కింద చెమ్మకు తోలు కుళ్లుతుంది. మన ఎర్ర నేలల్లో చెదలు ఎక్కువ కాబట్టి వారానికి ఒకసారి ఆ కప్పు ఎత్తి చూడాల. వేప పిండి దొరికితే గుప్పెడు కింద చల్లుకోండి. ఈ కప్పు వల్ల నేల వేడెక్కదు, పెట్టిన నీళ్లు పైకి ఆవిరై పోవు.

మూడోది కాండానికి సున్నం. ఆకు రాలినాక లేత కాండం మీద నేరుగా ఎండ పడి తోలు పగులుతుంది. పలచగా కలిపిన సున్నపు నీళ్లు అడుగు నుంచి కొమ్మలు చీలే చోటు దాకా పూయండి. తెల్లటి రంగు ఎండను తిప్పి కొడుతుంది.

నాలుగోది పూత, పిందె తీసేయడం. దీనికి మనసు ఒప్పదు. ఏడాదిన్నర చెట్టుకు నాలుగు పిందెలు కనబడితే బిడ్డ మొదటిసారి నడిచినంత సంతోషం. కానీ వేరు దెబ్బతిన్న చెట్టు మీద కాయ అనేది వడ్డీ అప్పు మాదిరి. వేరుకు పోవాల్సినదంతా అది తినేస్తుంది. దెబ్బ తగలని చెట్లకు కూడా మొదటి మూడేండ్లు పూత తీసేసేదే మంచిది. చచ్చిన పుల్లలు, మరీ లేత చిగుళ్లు తీయొచ్చు. ముదురు ఆకులను మాత్రం దూయవద్దు. కొత్త వేరు పెరగడానికి తిండి తయారు చేసేది ఆ ఆకులే. సంపాదించే మనిషికి తిండి తగ్గించకూడదు అని ఇందాక అన్నాను కదా, అదే ఇక్కడ.

అయిదోది ఊగకుండా కట్టడం. ఒకవైపు వేరు లేని చెట్టు గాలికి ఊగుతుంది. ఊగినప్పుడల్లా అప్పుడే వస్తున్న సన్న వేరు తెగుతుంది. కొంచెం దూరంలో కర్ర పాతి, మెత్తటి గుడ్డ పీలికతో ఎనిమిది అంకె మాదిరి వదులుగా కట్టండి. ప్లాస్టిక్ తాడు, వైరు వద్దు, తోలు కోసుకుపోతుంది.

నీళ్లు ఎట్ల పెట్టాల

నీళ్లు రోజూ కొంచెం కొంచెం పైపైన చల్లితే వేరు పైకే వస్తుంది, ఎండకు మాడుతుంది. పిడికిలి పరీక్ష చూసుకొని, కావాల్సినప్పుడు నిదానంగా లోపలికి ఇంకేటట్టు పెట్టాల. మేము ఒక్కో చెట్టుకు రెండు బిందెలు, ఒకేసారి కుమ్మరించకుండా రెండు విడతలుగా పోసినాము. కాండం మీద కాకుండా కొమ్మల నీడ అంచు వెంట చుట్టూ పోయాల. ఎన్ని రోజులకు ఒకసారి అని అడుగుతారు. ఇసుక నేలలో త్వరగా ఆరుతుంది, నల్లరేగడిలో నిదానం. తేదీ చూడకండి, మట్టి చూడండి.

పొద్దున 7 గంటల లోపల, లేకుంటే పొద్దు గూకినాక పెట్టండి. డ్రిప్పు ఉన్నవాళ్లకు ఒక మాట. నల్ల పైపులో నిలిచిన నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. ఆ నీళ్లే ముందు చెట్టు మొదట్లో పడతాయి. పగలు డ్రిప్పు వదలాల్సి వస్తే కొసన మూత తీసి వేడి నీళ్లు బయటికి పోనిచ్చి తరవాత వదలండి.

కుండ పద్ధతి మంచిదే. రంగు వేయని మట్టి కుండ చెట్టు పక్కన పూడిస్తే నీళ్లు ఊరుతా ఉంటాయి. కానీ అది నాటేటప్పుడు చేయాల్సిన పని. వేరు దెబ్బతిన్న చెట్టు పక్కన ఎండాకాలంలో గుంత తవ్వితే ఉన్న వేర్లు కూడా పోతాయి. అప్పుడు కుండను నేల మీదే పెట్టి, అడుగున సన్న బెజ్జంలో నూలు వత్తి పెట్టండి. చాలు.

ఎరువు సంగతి. వాడిన చెట్టును చూస్తే గుప్పెడు యూరియా వేయాలనిపిస్తుంది. వద్దు. నీళ్లే తాగలేని వేరుకు ఉప్పు తినిపించినట్టు అవుతుంది. కొత్త చిగురు వచ్చి, ఆ ఆకు ముదిరే దాకా రసాయన ఎరువు ఏదీ వేయకండి. జీవామృతం పలచగా పోస్తే నష్టం లేదు, కానీ నీడ చేసే పని అది చేయదు.

దెబ్బ తగిలిన రోజే చేయాల్సింది

ఇవన్నీ తరవాత తిప్పలు. కాలువ తీసినప్పుడో, దున్నినప్పుడో వేరు తెగిందని తెలిస్తే ఆ రోజే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. చిరిగిన వేరు కొసలను పదునైన కత్తితో నున్నగా కోయండి. కాలువ పూడ్చే దాకా తడి గోనె సంచి కప్పండి. పొద్దు మునిగే లోపల మట్టి వేసి, సందులు లేకుండా కాలితో మెల్లగా అదమండి. ఒకసారి నీళ్లు పెట్టి మట్టిని కూర్చోబెట్టండి. మా అక్క చేనులో ఆ మూడు రోజులు కాలువ తెరిచి పెట్టకుండా ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

జేసీబీ వచ్చినా, ట్రాక్టర్ వచ్చినా మనం చేనులో నిలబడాల. చిన్న చెట్టుకు చుట్టూ కనీసం ఒక గజం ముగ్గు గీసి, దీంట్లోకి రావద్దు అని చెప్పాల. ఆ గజం లోపల గడ్డి చేత్తోనే తీసుకోవాల.

మొక్కలు దింపుకునేటప్పుడు కూడా జాగ్రత్త. ఒకసారి మా ఊరికి వచ్చిన లారీలో మొక్కలను కాండం పట్టి కిందికి విసిరినారు. సగం మట్టిగడ్డలు లోపలే పగిలినాయి. మేము లెక్క పెట్టుకొని సంతకం చేసినామే గానీ చేత్తో పట్టి చూడలేదు. కవరు పట్టుకొని ఎత్తి చూడండి. గడ్డ గట్టిగా ఉందా, లోపల కదులుతోందా అని చూసి, పగిలినవి పక్కన పెట్టి, ఎన్నో రాసి ఆ తరవాతే సంతకం పెట్టండి. పగిలిన గడ్డ మొక్క మన చేతికి వస్తే ఎండలో చేనుకు తీసుకుపోకండి. పెద్ద సంచిలో మంచి మట్టి వేసి అందులో పెట్టి, ఇంటి దగ్గర వేపచెట్టు నీడన ఉంచుకోండి. వానలు బాగా పడినాక నాటండి. రెండు నెలలు ఆలస్యమైతే ఏమీ కాదు.

చివరి మాట

మా అక్క చేనులో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. 21 చెట్లలో మూడు మే నెలలో పోయినాయి. 18 నిలబడినాయి. జూన్‌లో రెండు మంచి వానలు పడినాక చిగురు వచ్చింది. చీరలు ఒక్కసారిగా తీసేయలేదు, ముందు ఒకవైపు, వారం ఆగి రెండోవైపు తీసినాము. మొత్తం మీద పోయినవి పది చెట్లు. అందులో ఏడు నా మాట వల్ల పోయినాయి. ఆ ఏడు గుంతల్లో వానాకాలంలో కొత్త మొక్కలు నేనే తెచ్చి నాటినాను. అక్క డబ్బులు ఇస్తానంటే తీసుకోలేదు. కంతు ఆమె ఒక్క నెల మాత్రం ఆలస్యం చేసింది, ఆ నెల సంఘం ఒప్పుకొని సర్దింది.

ఈ సంవత్సరం నేను అడిగేది మూడు పనులు. ప్రతి గ్రామ సంఘంలో ఫిబ్రవరి సమావేశంలోనే ఎవరి చేనులో ఎన్ని చిన్న చెట్లు ఉన్నాయో, ఎవరి చెట్టు వేరు దెబ్బతిందో రాసుకోవాల. మార్చి లోపలే మొదట్లో కప్పడం, నీడ కట్టడం అయిపోవాల, ఏప్రిల్‌లో చెట్టు వాలినాక కాదు. ఎవరి చెట్టైనా పీకేముందు ఇంకో ఇద్దరు సభ్యులు పోయి గోరు పరీక్ష చేయాల. అప్పు తీసుకునేటప్పుడు పదిమంది సంతకం పెడుతున్నాము కదా, చెట్టు పీకేటప్పుడు కూడా పదిమందిమి ఉండాల.

నాతో పాటు తప్పు సలహా ఇచ్చిన కృషి సఖులు ఎవరైనా ఇక్కడ ఉంటే సిగ్గుపడవద్దు. పోయి ఆ అక్కకు చెప్పండి, "నేను చెప్పింది తప్పు, ఇప్పుడు ఇట్ల చేద్దాం" అని. పొయ్యే ముందు పిడికెడు మట్టి తీసి పిసికి చూడండి.